బయటి గడియ

"బస్సు టికెట్టు రంగు కూడా చెప్పింది, విన్నావా?" అంది కూతురు. "గులాబి రంగట. కుడి మూల కాస్త చిరిగిందట. మా నాన్నను ఎక్కడ వదిలేశావమ్మా అంటే మాత్రం నేల చూపులు చూస్తుంది."

"నెమ్మదిగా, అక్కా," అన్నాడు కొడుకు.

"నెమ్మదిగానే అంటున్నాను కదరా!"

నిజమే, నెమ్మదిగానే అంది. తొమ్మిదేళ్లుగా ఆ ఇంట్లో గొంతు పెంచే హక్కు ప్రెషర్ కుక్కరుకు ఒక్కదానికే ఉంది. పెద్దాయన కనిపించకుండా పోయి ఇది మూడో రోజు. మరో ఇంట్లో అయితే ఈపాటికి ఏడుపులు వీధి చివరిదాకా వినిపించేవి. వీళ్లు గుసగుసల్లో పోట్లాడుకుంటున్నారు. కోడలు బెదిరిపోకూడదు. బెదిరితే మనిషి మనిషిలో ఉండదు. తర్వాత అడిగితే ఏమీ తెలియదంటుంది. అందుకని ఎవరూ అరవకూడదని, తలుపులు దడేల్మని వేయకూడదని రూలు పెట్టింది ఎవరో కాదు, ఇప్పుడు కనిపించకుండా పోయిన ఆ పెద్దాయనే.

కోడలు వంటగది బల్ల దగ్గర కూర్చుని ఉంది. ఆమె ముందు చేతిరుమాలు మీద మామగారి కట్టుడు పళ్లు, పై వరస. అవి ఆమె చేసినవే. కట్టుడు పళ్లు తయారుచేసే ల్యాబ్‌లో పదకొండేళ్ల అనుభవం ఆమెది. ఆ పళ్లు పెట్టుకుని పెద్దాయన జామకాయ కొరికి చూపించిన రోజు నుంచి ఆమెను పేరుతో పిలవడం మానేసి "పళ్లమ్మాయ్" అనేవాడు.

"ఎడమ కోరపన్ను దగ్గర బీట పడింది వదినా," అంది కోడలు, పళ్లను వెలుతురుకు తిప్పుతూ. "కొత్త బీట. పాతదైతే గీతలో మరక చేరేది. గట్టి నేల మీద పడింది. సోమవారం పొద్దున ఇది లేదు. నేనే కడిగి ఇచ్చాను."

"నేను పళ్ల సంగతి అడిగానా అమ్మాయ్?"

"లేదు వదినా."

"మరి అడిగింది చెప్పు. మళ్లీ మొదటి నుంచి."

కూతురు బడిలో లెక్కల టీచరు. లెక్క తప్పినవాళ్ల చేత మొదటి నుంచి చేయించడం ఆమెకు అలవాటు.

కోడలు మళ్లీ మొదలుపెట్టింది. సోమవారం పది గంటల పది నిమిషాలకు బస్సెక్కారు. మామయ్యకు కిటికీ పక్క సీటు దొరికింది. రెండు అరటిపళ్లు కొన్నారు. ఒకటి ఆయన తిన్నారు, ఒకటి సంచిలో పెట్టారు. చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లాలి. పదకొండింటికి గోదాముల సెంటరులో దిగారు. అక్కణ్ణుంచి పది నిమిషాల నడక. చినుకులు మొదలయ్యాయి. మామయ్య గొడుగు మర్చిపోయామన్నారు.

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత రెండు గంటలైంది. బస్టాపులో కూర్చుని ఉన్నాను. బట్టలన్నీ తడిసి ఉన్నాయి. చేతిలో ఈ పళ్లు ఉన్నాయి."

"మధ్యలో మూడు గంటలమ్మా! మూడు గంటలు ఏ గంగలో కలిశాయి?"

కోడలు రుమాలు అంచు సరిచేసింది. దాచుకున్నట్టు లేదు ఆ మొహం. వెతికి వెతికి ఏమీ దొరకని మొహం అది. కూతురికి మాత్రం అది మొండితనంలా కనిపించింది. కన్నతండ్రి కనిపించకపోతే ఎవరికైనా అలాగే కనిపిస్తుంది, ఆమెను తప్పుపట్టలేం.

చెవుల డాక్టరు దగ్గరికి వాళ్లు చేరనే లేదు. గోదాముల సెంటరు వెనక మూడు వీధుల్లో మూడొందల పైచిలుకు తలుపులున్నాయి. సగానికి పైగా మూతపడ్డవే. పోలీసులు, కొడుకు, అతని తోటి మెకానిక్కులు రెండు రోజులు ఒక్కో తలుపూ కొట్టి, గొంతు పోయేలా పిలిచారు. ఎవరూ పలకలేదు. ఎలా పలుకుతాడు? పక్కన పిడుగు పడినా ఎవరో తుమ్మారనుకునే చెవులు ఆయనవి. పిలిస్తే లాభం లేదు, ఒక్కొక్కటీ తెరిచి చూడాలి. అందుకు యజమానులు రావాలి, తాళాలు రావాలి. ఇప్పటికి నలభై తెరిచారు. పెద్దాయనకు రోజుకు రెండుసార్లు వెయ్యాల్సిన ఇన్సులిన్ ఇక్కడ ఫ్రిజ్‌లోనే ఉండిపోయింది.

"నిన్న స్టేషన్ అధికారి నాతో ఏమన్నాడో తెలుసా?" అంది కూతురు తమ్ముణ్ణి వరండాలోకి లాగి. "మీ మరదలు నటిస్తోందేమో కనుక్కోండి అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది."

"నటించడం దానికి రాదక్కా. వస్తే నాతో తొమ్మిదేళ్లు కాపురం చేసేదా?"

వేళాకోళంగానే అన్నాడు కానీ నవ్వు రాలేదు. ఇద్దరికీ రాలేదు.

ఆరేళ్లుగా కోడలికి వైద్యం చేస్తున్న డాక్టరమ్మ అప్పుడే ఫోన్ చేసింది. ఆమె పొరుగూర్లో తల్లి ఆపరేషన్ దగ్గర ఉంది. కొడుకు స్పీకరు పెట్టాడు.

"ఆవిడ అబద్ధం చెప్పడం లేదు. ముందు ఆ మాట మీ అక్కగారిని విననివ్వండి," అంది డాక్టరమ్మ.

"వింటున్నాను," అంది కూతురు.

"బస్సు, టికెట్టు, అరటిపళ్లు. వాటిలో భయం లేదు. అందుకే అవి ఎప్పుడడిగినా చెబుతుంది. ఆ తర్వాత ఏదో జరిగింది. విపరీతంగా భయపడింది. ఆ భయంలో చూసింది మళ్లీ ఆ భయంలోనే తనకు అందుతుంది. కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి అడిగితే అందదు."

"ఇదెక్కడి విడ్డూరం డాక్టరు గారూ! మనిషి ఒక్కతే కదా?"

"ఒక్కతే. మనకూ కొంచెం ఉంటుందమ్మా ఇది. కోపంలో ఉన్నప్పుడే కదా పాత కోపాలన్నీ గుర్తొచ్చేది?"

"నాకు మామూలప్పుడు కూడా గుర్తుంటాయి," అంది కూతురు.

తమ్ముడు మొహం తిప్పుకున్నాడు. డాక్టరమ్మ అంది. "మనం కోపం తగ్గాక కూడా అవి మనవేనని ఒప్పుకుంటాం. ఆవిడకు ఆ వీలు లేదు. చిన్నప్పటి నుంచి బతకడానికి అలా విడదీసుకోవడం అలవాటు చేసుకుంది."

"అంటే భయపడితే గుర్తొస్తుందా?"

డాక్టరమ్మ ఆచితూచి జవాబిచ్చింది.

"రావచ్చు. చిన్నప్పటి భయాలు కూడా కలిసి రావచ్చు. ఏది మొన్నటిదో ఏది ఎప్పటిదో తనకే తెలియదు. నేను చెప్పానని మాత్రం ఏ పిచ్చి పనీ చేయకండి. పోయినసారి మళ్లీ మామూలు మనిషి కావడానికి నలభై రోజులు పట్టింది. రేపు మధ్యాహ్నానికి వచ్చేస్తాను. నా పద్ధతిలో నేను అడుగుతాను."

ఫోన్ పెట్టేశాక అక్కాతమ్ముళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. రేపు మధ్యాహ్నం. ఇన్సులిన్ లేకుండా, మంచినీళ్లు లేకుండా, డెబ్బై నాలుగేళ్ల మనిషికి రేపు మధ్యాహ్నం.

"స్టోరు రూముకు గడియ పెట్టండి."

వెనక్కి తిరిగి చూశారు. కోడలు వరండా గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పటి నుంచి వింటోందో తెలియదు.

"ఏమిటి నువ్వనేది?" అన్నాడు కొడుకు.

"బయటి వైపు గడియ. నన్ను లోపల పెట్టండి. లైటు తీసెయ్యండి."

"నోరు ముయ్యి."

అలాంటి మాట అతని నోటి నుంచి ఆమె ఎప్పుడూ వినలేదు. అతనే ఉలిక్కిపడ్డాడు.

కూతురికి ఏమీ అర్థం కాలేదు. ఈ ఇంట్లో ఏ తలుపుకూ బయట గడియ లేదన్న సంగతి ఆమెకూ తెలుసు. వచ్చినప్పుడల్లా దెప్పేది కూడా. ఇంటికి గడియలు ఊడబీకించిన కోడలిని నేనెక్కడా చూడలేదు, మా నాన్న తలుపులను కూడా గారాబం చేస్తున్నాడు అనేది. ఎందుకని ఆమె అడగలేదు, వాళ్లు చెప్పలేదు.

"చెప్పండి వదినకు," అంది కోడలు.

"నేను చెప్పను."

"అయితే నేను చెబుతాను. మా అమ్మ పోయాక నన్ను పెదనాన్న పెంచారు వదినా. ఆయన కొట్టు వెనక సామాన్ల గది ఉండేది. నన్ను అందులో పెట్టి బయట గడియ వేసేవారు. ఒక్కోసారి ఒక పూట. ఒక్కోసారి రెండు రోజులు. ఇది ఇలా చెబుతున్నాను కానీ నాకు గుర్తులేదు. చుట్టుపక్కలవాళ్లు చెప్పగా తెలిసింది. నాకు గుర్తున్నది ఆ కొట్లో పప్పు ధరలే."

కూతురు కుర్చీ కోసం చేత్తో తడుముకుని కూర్చుంది.

"అంత మాట నాకు ఎందుకు చెప్పలేదురా?" అంది తమ్ముడితో.

"చెబితే జాలిపడతావు. నీ జాలి నీ కోపంకన్నా కష్టం అక్కా."

ఇంకో రోజైతే ఆమె ఊరుకునేది కాదు. ఇవాళ పడింది.

కొడుకు ఒప్పుకోలేదు. ముందు మామూలుగా కాదన్నాడు, తర్వాత బతిమాలాడు, తర్వాత నువ్వు ఏమైపోతే నాకెవరు దిక్కని ఏడ్చాడు. కోడలు అన్నీ విని ఒకటే మాట అంది.

"మామయ్య బతికి ఉంటే ఈ పూటే ఉంటారండీ. నేను నలభై రోజులకైనా వస్తాను కదా."

పెద్దాయన పనిముట్ల డబ్బాలో గడియలు భద్రంగానే ఉన్నాయి. ఏ తలుపుది ఏదో చీటీ రాసి మరీ దాచాడు. స్టోరు రూము తలుపుకు పాత రంధ్రాలను ఆయనే లప్పంతో పూడ్చి, మీద రంగు వేశాడు. కొడుకు స్క్రూడ్రైవర్‌తో ఆ లప్పం తవ్వుతుంటే పొడి అతని పాదాల మీద రాలింది.

అతను లిఫ్టు మెకానిక్కు. మనుషులు లిఫ్టులో ఇరుక్కుంటే పరుగెత్తేది అతనే. ఆ పనిలో అతను మొదట నేర్చుకున్నది పానా పట్టడం కాదు, తలుపు ఇవతలి నుంచి మాట్లాడుతూ ఉండటం. నేనిక్కడే ఉన్నానండీ, రెండే నిమిషాలండీ, మీ పేరేంటండీ అంటూ లోపలివాళ్లతో ఏదో ఒకటి వాగుతూనే ఉండాలి. పదహారేళ్లలో ఎంతమందిని తీశాడో లెక్కలేదు. ఒక మనిషిని లోపల పెట్టి తలుపు మూయడం ఇదే మొదలు.

కోడలు పక్కన నిలబడి ఒక్కో స్క్రూ అందించింది. "పైది వంకరగా దిగుతోంది," అంది. అతను తీసి మళ్లీ బిగించాడు. భార్యాభర్తలు ఏదో అలమర బిగించుకుంటున్నట్టు ఉంది చూడటానికి. కూతురు ఆ దృశ్యం చూడలేక ఫోన్ తీసుకుని స్టేషన్ అధికారికి చెప్పింది. గోదాముల సెంటరులో మనుషులను సిద్ధంగా ఉంచమంది. తలుపు ఏదో కనుక్కుని చెబుతామంది. ఎలా కనుక్కుంటారని అతను అడిగితే పెట్టేసింది.

"నేను లోపలికి వెళ్లాక మీరు పలకొద్దు," అంది కోడలు భర్తతో. "ఒక్క మాట కూడా."

"ఎందుకు?"

"మీరు బయట ఉన్నారని తెలిస్తే నాకు భయం వెయ్యదు."

అతను గోడవైపు తిరిగి నిలబడిపోయాడు.

"వదినా, నేను ఏమన్నా రాయండి. పిచ్చిమాటలైనా సరే. తర్వాత నాకు గుర్తుండదు."

ఆమె లోపలికి వెళ్లింది. బియ్యం డబ్బా, పాత పరుపు, నిచ్చెన ఉన్న గది. కిటికీ లేదు. అతను తలుపు దగ్గరగా వేసి లైటు ఆర్పాడు. గడియ కొత్తగా బిగించడం వల్ల బిరుసుగా ఉంది. లాగితే కీచుమని చప్పుడైంది.

ఆ చప్పుడుకే లోపల ఏదో కింద పడింది.

కూతురు నోటుపుస్తకం ఒళ్లో పెట్టుకుని నేల మీద కూర్చుంది. ఒక నిమిషం గడిచింది. రెండు నిమిషాలు. లోపల ఊపిరి తీస్తున్న చప్పుడు మొదలైంది, పరుగెత్తి వచ్చిన మనిషి ఊపిరిలా. తర్వాత గోళ్లతో చెక్కను గీకుతున్న చప్పుడు. తర్వాత గొంతు వినపడింది. సన్నటి గొంతు. తొమ్మిదేళ్లలో ఆ ఇంట్లో ఎవరూ వినని గొంతు.

"పెదనాన్నా. ఇంకెప్పుడూ చెయ్యను పెదనాన్నా. దాహం వేస్తోంది."

కొడుకు పెదవులు కదిలాయి. అక్క అతని మోకాలు పట్టుకుని గట్టిగా నొక్కింది. అతను పలకలేదు.

"వాన," అంది లోపలి గొంతు. "వాన పెద్దదైంది. మామయ్యా, ఇక్కడ చూరు కింద... తలుపు తెరిచే ఉంది. లోపల నిలబడదాం."

కూతురు రాసింది. రాత ఆమెకే చదవరానంత వంకరగా వచ్చింది.

"గోనెసంచుల వాసన. మామయ్యా బయటికి వెళ్దాం. వాసన బాగాలేదు. వినపడదు ఈయనకు. గాలి... తలుపు మూసుకుపోయింది! చీకటి. చీకటి. చెయ్యి వదులు. నా చెయ్యి వదులు. ఎవరు?"

తలుపు మీద దబదబమని దెబ్బలు.

"టక్కుమని ఏదో పడింది. చేతికి పళ్లు తగిలాయి. నోట్లో పళ్లు లేవు. పెదనాన్నకే పళ్లు లేవు. మామయ్య ఏరీ? ఈయన మామయ్య కాదు. వచ్చేశాడు. నన్ను పట్టుకోవడానికి వచ్చేశాడు."

కూతురి చేతిలో పెన్ను ఆగింది.

"తలుపు తోశాను. తెరుచుకుంది. నేను బయటికి వచ్చేశాను. వాణ్ణి లోపల పెట్టి గడియ వేసేశాను." ఆ సన్నటి గొంతులో సంతోషం వినిపించింది. వినలేని సంతోషం. "ఇంక రాలేడు. కొట్టుకుంటున్నాడు లోపల. కొట్టుకో. దాహం వేస్తే తెలుస్తుంది."

బయట రోడ్డు మీద పోతున్న వాహనాల రొద వినపడుతూనే ఉంది.

"తలుపు మీద నంబరుంది," అంది గొంతు. "తెల్ల రంగుతో రాశారు. నంబరు..." ఊపిరి అందక గొంతు పూడుకుపోయింది. "ఊపిరి రావడం లేదు. తియ్యండి. ఎవరైనా ఉన్నారా? తియ్యండి!"

ఆ మాట అతను పదహారేళ్లుగా వింటున్నాడు. ఆ మాట వినగానే అతని చెయ్యి అతన్ని అడగదు. అక్క వారించేలోపే గడియ లాగేశాడు, తలుపు తెరిచేశాడు, "ఇక్కడే ఉన్నాను, ఇక్కడే ఉన్నాను," అంటూ ఆమెను వెలుతురులోకి లాక్కుని గుండెకు హత్తుకున్నాడు.

"ఒరేయ్!"

ఆ ఇంట్లో తొమ్మిదేళ్లలో మొదటి అరుపు అది. "నంబరు చెప్పబోతోందిరా! నోటి దాకా వచ్చిందిరా! ఒక్క నిమిషం ఆగలేకపోయావా?"

అతను ఆమె తల నిమురుతూనే ఉన్నాడు. గోళ్ల కింద చెక్కపేళ్లు గుచ్చుకుని ఆమె వేళ్లు రక్తమయ్యాయి. ఒళ్లంతా చెమట. ఆ గుండె కొట్టుకోవడం అతని ఛాతీకి తెలుస్తోంది. ముందు వడివడిగా, తర్వాత కాస్త నెమ్మదిగా. అతను ఇన్నేళ్లుగా నేర్చుకున్న పనే అది, ఆమె గుండెను నెమ్మదించడం. బాగా చేతనైన పని. ఇవాళ అది చేతనవడమే కొంప ముంచింది.

నాలుగు నిమిషాలకు ఆమె తల ఎత్తింది. కళ్లు మామూలయ్యాయి. వేళ్లు చూసుకుని ఆశ్చర్యపోయింది.

"అయిపోయిందా? చెప్పానా? ఎక్కడున్నారు మామయ్య?"

ఆమె ఆడపడుచు వైపు తిరిగింది.

"వదినా, రాశారా?"

కూతురు నోటుపుస్తకం మూసింది. మూడు రోజులుగా ఈ పిల్ల నోటి నుంచి ఏ మాట రాబట్టాలని తపించిందో ఆ మాటే ఆ కాగితం మీద ఉంది. తన తండ్రిని చీకటి గదిలో పెట్టి గడియ వేసింది ఎవరో తన చేతిరాతలోనే ఉంది. కోడలు చెయ్యి చాచింది. కూతురు పుస్తకాన్ని వెనక్కి పెట్టుకుంది.

"వాన వచ్చిందన్నావు. ఓ గోదాములోకి వెళ్లామన్నావు. తలుపు మీద నంబరుందన్నావు. అంతే అమ్మా."

ఆమె కోడలిని 'అమ్మా' అని వెటకారం లేకుండా పిలవడం తమ్ముడు మొదటిసారి విన్నాడు.

"ఇంకేదో అన్నాను," అంది కోడలు. ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. "నేనేం చేశానండీ?"

"నువ్వేం చేయలేదు," అన్నాడు అతను. తొందరగా అన్నాడు.

ఆమె అతన్ని ఒకసారి చూసింది. ఆ సంగతి మళ్లీ అడగలేదు. అడగకపోవడంలో ఆమెకు ఎంత అర్థమైందో వాళ్లకు తెలియలేదు.

"నంబరు చెప్పలేదు కదా. మరి నన్నెందుకు తీశారు?"

"తియ్యమన్నావు."

"లోపల ఉన్నదాన్ని, అననా మరి?"

కోపంగా అనలేదు. అన్నం తినేటప్పుడు ఉప్పు తక్కువైందన్నట్టు అంది. లేచి, రక్తం అంటిన వేళ్లను బట్టలకు తుడుచుకుని, మళ్లీ ఆ గదిలోకి నడిచింది. ఈసారి తలుపు తానే లోపలి నుంచి లాక్కుంది.

కొడుకు గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. చేతులు రెండూ చంకల్లో దాచుకున్నాడు, ఎవరో వాటిని అడుగుతున్నట్టు.

"వదినా," అంది తలుపు వెనక నుంచి కోడలు. గొంతు ఇంకా మామూలుగానే ఉంది, ఆమె గొంతే. "గడియ మీరు పెట్టండి. ఆయన వల్ల కాదు. నేను ఏడ్చినా తియ్యనివ్వకండి."

కూతురు తలుపు దగ్గరికి వచ్చింది. ఈ మూడు రోజుల్లో ఈ కోడలిని ఏదో ఒక గదిలో పడేసి తాళం వెయ్యాలని ఎన్నిసార్లు అనుకుందో ఆమెకే తెలుసు. నిన్న తమ్ముడి మొహం మీద ఆ మాట అంది కూడా. తలుపు అవతలి వైపు ఆ పిల్ల ఊపిరి వినపడుతోంది. ఫోన్ మోగుతోంది, స్టేషన్ నుంచే అయి ఉంటుంది. ఎక్కడో ఒక తలుపు వెనక తండ్రి ఉన్నాడు, లేదా లేడు.

ఆమె గడియ మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి అక్కణ్ణుంచి కదలలేదు.

"పెట్టారా, వదినా?"